ఎడమవైపే మండే పొయ్యి

ఒకవైపే మండే పొయ్యిని చూస్తే పొగబాబాయికి కాలూ చేయీ ఆడేది కాదు. రైలింజన్లలో బొగ్గు వేసి వేసి రిటైరైన మనిషి. ఎవరింటికి వెళ్ళినా ముందు పొయ్యిని పలకరించి, ఆ తర్వాతే మనుషుల్ని పలకరించేవాడు. ఒకసారి జ్వరంతో పడి ఉన్న స్నేహితుణ్ణి చూడబోయి, పొగగొట్టం దులిపి, స్నేహితుడి సంగతే మరిచి ఇంటికొచ్చేశాడు.

ఎదురింట్లో బట్టలు కుట్టుకునే అమ్మాయికి భర్త పోయిన రోజున కూడా ఆయన మారలేదు. గది నిండా జనం, బయట ముసురు. అందరూ ఆమె చుట్టూ చేరితే, ఈయన ఇనప పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అమ్మాయ్! ఇది ఎడమవైపే మండుతోంది. కుడివైపు కట్టెలు రాజుకోనే లేదు."

ఆమెకు మాత్రం రెండువైపులా ఒళ్ళు మండింది.

తర్వాత జనం రావడం తగ్గింది. మిషను మీద కప్పిన గుడ్డ తియ్యబుద్ధి కాలేదు. పొయ్యీ వెలిగించలేదు. చలిగదిలో దుప్పటి కప్పుకుని గోడకేసి చూస్తూ కూర్చునేది. తలుపు తట్టింది ఈయనొక్కడే.

పొయ్యి తలుపు సందులో ఓసారి కుడివైపు, ఓసారి ఎడమవైపు కాగితం ముక్క పెట్టి మూశాడు. లాగితే కుడివైపు బిగుసుకుంది, ఎడమవైపు జారి వచ్చేసింది.

"గాలి చొరకుండా తలుపంచున వేసే, నిప్పుకి కాలని నారతాడు అరిగిపోయిందమ్మాయ్. ఆ సందులోంచి గాలి దూరి ఎడమవైపే రాజేస్తోంది."

కొత్త తాడు అతికించాడు. "ఇక వెలిగించు."

"నాకొక్కదానికి ఎందుకు బాబాయ్?"

"నీకని ఎవరన్నారు? నేను చూడాలి!"

వెలిగించి, పీడ వదిలిందనుకుంది ఆమె. మర్నాడు మళ్ళీ తయారు. బూడిద ఎక్కువైందన్నాడు. ఆ మర్నాడు రెండు కట్టెలు చెవి దగ్గర కొట్టి విని, తడి ఆరలేదన్నాడు. చివరికి, గిన్నె పెట్టి చూస్తే గాని మంట సంగతి తేలదన్నాడు. ఆమె నీళ్ళు పెట్టింది.

"నీళ్ళు అబద్ధాలాడతాయి. చిక్కటిదేదైనా వండు."

కూర వండింది.

"ఎడమవైపుది నేను తింటా, కుడివైపుది నువ్వు తిను. పచ్చి తగిలితే చెప్పు."

"ఉడికింది బాబాయ్. ఒక్క ముద్దతోనే తెలిసిపోయింది."

"అడుగుదాకా తినాలి. జబ్బంతా అడుగునే ఉంటుంది."

చలికాలమంతా ఇదే వరస. ఆమె విసుక్కుంటూ వండేది, విసుక్కుంటూ తినేది. మధ్యలో ఏడుపొస్తే, "పాడు పొగ!" అంటూ ఆయనే లేచి కిటికీ తెరిచేవాడు.

ఒకరోజు ఆమె అక్క వచ్చింది. పొయ్యి తలుపు తీసి చూసి బుగ్గన వేలేసుకుంది.

"దీనికా రోజూ మరమ్మతు? రెండువైపులా ఇంత చక్కగా మండుతుంటే! మా ఇంట్లోది ఇలా మండితే నాకింకేం కావాలే?"

ఆమె వంగి చూసింది. ఇన్నాళ్ళూ ఆ మంటకేసి సరిగ్గా చూసిందే లేదు. కొత్త తాడు వేసిన రోజు నుంచీ దానికి ఏ జబ్బూ లేదు.

సాయంత్రం ఆయన వానలో గొడుగేసుకుని దగ్గుకుంటూ వచ్చాడు. "కుడివైపు ఇంకా నమ్మకం కుదరడం లేదమ్మాయ్."

అక్క నోరు తెరవబోతే గిల్లింది. "నిజమే బాబాయ్. తిని చూద్దాం."

కంచాలు ఖాళీ అయ్యాక అంది: "రేపు మీ పొయ్యి చూడ్డానికి నేనొస్తాను."

"మాదా? దానికేం జబ్బు? నా ఒక్కడి కోసం అసలు వెలిగిస్తే కదా..." నాలుక కరుచుకున్నాడు.

"వెలిగించి ఉంచండి. గిన్నె నేను తెస్తాను."

ఆయన పొయ్యికేసి చూడకుండానే లేచాడు. గొడుగు మరిచిపోయి వానలోకి నడిచాడు.