మొహమాటపడి ఓడిన కరాటే ఎన్నిక

అమెరికాలో నేను ఒకే ఒక్కసారి ఎన్నికల్లో పోటీ చేశాను. నాకు ప్రత్యర్థి లేడు. వ్యతిరేకంగా ఒక్క ఓటు పడలేదు. ఆ గదిలో నేను గెలవకూడదని కోరుకున్నవాళ్ళు ఎవరూ లేరు. అయినా ఓడిపోయాను. అదెలా సాధ్యమో చెబుతాను, మీరు నవ్వుకోండి. నాకు మాత్రం ఆ శనివారం తలుచుకుంటే ఇప్పటికీ మొహం చెల్లదు.

అప్పుడు నార్త్ కరోలినాలో మాస్టర్స్ రెండో సెమిస్టర్ చదువుతున్నాను. క్యారీ అనే ఊళ్ళో అపార్ట్‌మెంట్. నలుగురం ఉండాల్సిన చోట ఇద్దరం మిగిలాం, నేనూ వరంగల్ వెంకట్. మిగతా ఇద్దరికీ ఇంటర్న్‌షిప్‌లు వచ్చి వేరే ఊళ్ళకు వెళ్ళిపోయారు. నాకేమో అప్లై చేసిన ప్రతి కంపెనీ నుంచీ 'మీరు చూపిన ఆసక్తికి కృతజ్ఞతలు' అని మొదలయ్యే ఈమెయిలే. ఆ మొదటి వాక్యం చూసి మిగతాది చదవడం మానేశాను. సోమవారం క్లాసులో 'ప్రెజెంట్' అన్నాక, బుధవారం దాకా బయట నోరు విప్పే పని పడేది కాదు. వెంకట్ ల్యాబ్‌కి పోతే ఇంట్లో నాతోపాటు చప్పుడు చేసేది ఫ్రిజ్ ఒక్కటే.

ఆ దిగులు పడలేక యూనివర్సిటీ కరాటే క్లబ్‌లో చేరాను. ఆత్మరక్షణ కోసం అనుకునేరు. నా మీద చెయ్యి చేసుకోవాలన్నా ముందు ఎవరో ఒకరు నా దగ్గరికి రావాలి కదా! సంగతేమిటంటే, క్లబ్ టేబుల్ దగ్గర కూర్చున్న అమ్మాయి నన్ను చూసి 'హాయ్' అంది. వెంకట్ కాకుండా ఆ వారంలో నన్ను పలకరించిన మొదటి మనిషి. అక్కడికక్కడే సంతకం పెట్టేశాను. ఆ అమ్మాయి పేరు మేగన్. బ్లాక్ బెల్ట్, క్లబ్ ప్రెసిడెంట్. అదే టేబుల్ దగ్గర వంటల క్లబ్ వాళ్ళున్నా చేరేవాణ్ణే.

కరాటేలో నా ప్రతిభ గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. కాలు నడుము దాకా లేపితే రెండు రోజులు మెట్లు ఎక్కలేకపోయేవాణ్ణి. కానీ ఒక పని మాత్రం శ్రద్ధగా చేసేవాణ్ణి. క్లాసు అయ్యాక నేల మీది మ్యాట్‌లన్నీ తుడిచి, దొంతరగా పేర్చి, ప్యాడ్‌లు అలమరలో సర్దేవాణ్ణి. ఎవరూ చెయ్యమనలేదు. అవి సర్దుతుంటే ఇంటికి పోవడం ఇంకో అరగంట వాయిదా పడుతుంది, అంతే.

ఏప్రిల్‌లో కమిటీ ఎన్నికలు వచ్చాయి. మేగన్ నన్ను పక్కకి పిలిచింది.

"సాట్యా, ఎక్విప్‌మెంట్ ఆఫీసర్‌గా నీ పేరు నేనే ప్రపోజ్ చేస్తాను. ఎలాగూ ఆ పని నువ్వే చేస్తున్నావు."

నా పేరు సత్య. ఆ అమ్మాయి నోట్లో అది సాట్యా. అయినా ఎంత బాగుందో!

మ్యాట్‌లు మోసే పదవికి ఇంత సంబరమా అంటారేమో. కమిటీలో అయిదుగురు. వాళ్ళకో గ్రూప్ చాట్ ఉంది. శనివారం ప్రాక్టీస్ అయ్యాక అందరూ కలిసి పాన్‌కేక్‌లు తినడానికి పోతారు. ఎవరైనా రాకపోతే 'ఎక్కడున్నావ్?' అని మెసేజ్ పెడతారు. నాకు ఆ మెసేజ్ కావాలి. నేనొక రోజు కనబడకపోతే గమనించేవాళ్ళు ఆ ఊళ్ళో నలుగురైనా ఉండాలి. పదవీ వ్యామోహం అంటే ఇదే అయితే, ఉండేది నాకు, పీకల దాకా ఉండేది.

ఇంటికొచ్చి వెంకట్‌కి చెప్పాను. వాడు వరంగల్‌లో ఇంజినీరింగ్ చదివేటప్పుడు కాలేజీ ఎన్నికలు నడిపిన మనిషి. కుక్కర్ కట్టేసి మరీ విన్నాడు.

"అన్నా, సూడు. లీడర్ అనేటోడు నాకు గావాలె అని ఎగబడొద్దు. ఎగబడితే ఇజ్జత్ పోతది. మంది బతిమాలాలె."

"వాళ్ళు బతిమాలతారంటావా?"

"ఎందుకు బతిమాలరే? మొదటిసారి అడిగితే నువ్వు వద్దనాలె. రెండోసారి అడిగితే నాకంటే పెద్దోళ్ళున్నరు అనాలె. మూడోసారి దండం పెట్టి, మీ అందరి ఇష్టం అనాలె. అప్పుడు సూడు సప్పట్లు!"

నాకిదంతా కొత్తేమీ కాదు. మాది రాజమండ్రి. ఎవరింటికైనా వెళితే మొదటిసారి ఇచ్చిన కాఫీని అందుకోవడం మా ఇంట్లో నేరం. 'ఇప్పుడే తాగి వచ్చామండీ' అనాలి. వాళ్ళు ఊరుకోరు, మనమూ ఊరుకోం, చివరికి తాగుతాం. ఇరవై మూడేళ్ళ వయసు వచ్చేదాకా 'నాకు ఇది కావాలి' అని నేను ఎవరితోనూ అని ఎరగను. ఆ అవసరం రాకుండా ఎవరో ఒకరు బలవంతపెట్టేవారు.

వంటింట్లో రిహార్సల్ చేశాం. వెంకట్ మేగన్‌గా నటించి మూడుసార్లు అడిగాడు. మూడోసారి నేను దండం పెట్టిన తీరుకు వాడి కళ్ళు చెమర్చాయి. ఉల్లిపాయలు తరుగుతున్నాడు లెండి.

"రేపు నేను గూడ వస్త. ఎవ్వడు అడగకపోతే నేనే లేచి అడుగుత. నువ్వేం ఫికర్ జెయ్యకు," అన్నాడు. విజయోత్సవానికని ఇండియన్ స్టోర్ నుంచి లడ్డూల డబ్బా కూడా తెచ్చాడు.

శనివారం ప్రాక్టీస్ అయ్యాక జిమ్‌లో నేల మీదే అందరం కూర్చున్నాం. వెంకట్ లడ్డూల డబ్బా ఒళ్ళో పెట్టుకుని వెనక గోడకు ఆనుకున్నాడు. నా పక్కన నిత్య. క్యారీలోనే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి, గ్రీన్ బెల్ట్. నాతో తెలుగు ప్రాక్టీస్ చేస్తుండేది. మేగన్ లేచి బోర్డు మీద నా పేరు రాసింది.

"ఎక్విప్‌మెంట్ ఆఫీసర్ పదవికి నేను సాట్యా పేరు ప్రపోజ్ చేస్తున్నాను. మన మ్యాట్‌లని ఇతనంత బాగా చూసుకున్నవాళ్ళు లేరు. సాట్యా, నీకు సమ్మతమేనా?"

చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకుని, సిగ్గుపడి, రిహార్సల్ చేసినట్టే అన్నాను.

"నో, నో. వద్దు. నేనెంతటివాణ్ణి!"

చప్పట్లు ఆగిపోయాయి. మేగన్ మొహం కాస్త చిన్నబోయింది. "ఓ! సరే. నో వర్రీస్," అని బోర్డు మీద నా పేరు తుడిపేసింది.

తుడిపేసింది! నేను వెనక్కి తిరిగి వెంకట్ వంక చూశాను. కంగారుపడకు అన్నట్టు వాడు చెయ్యి ఊపాడు. ఇంతలో ముందు వరసలో ఎవరో కుర్రాడు "నిజంగానే వద్దా, మ్యాన్?" అన్నాడు. హమ్మయ్య, రెండో విడత వచ్చింది!

"నాకంటే అర్హులు, పెద్దవాళ్ళు ఎందరో ఉన్నారు," అన్నాను.

"గైస్, అతను స్పష్టంగా చెప్పాడు. అతని మాటను గౌరవిద్దాం," అంది మేగన్. నలుగురు మెచ్చుకోలుగా తలూపారు.

ఇక మూడో విడత ఎవరూ మొదలుపెట్టేలా లేరు. అప్పుడు లేచాడు వెంకట్, డబ్బాతో సహా.

"మేడమ్! హీ మస్ట్ డూ! సత్యన్నా, ఒప్పుకో! ప్లీజ్ అన్నా! నువ్వు లేకపోతే ఈ క్లబ్బు ఏం గావాలె!"

మేగన్ వాడి దగ్గరికి నడిచింది. బ్లాక్ బెల్ట్ నడక ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను.

"ఎక్స్‌క్యూజ్ మీ. అతను రెండుసార్లు నో అన్నాడు. నువ్వు అతన్ని ప్రెషర్ చేస్తున్నావు. కాస్త బయట వెయిట్ చెయ్యి."

"ప్రెషర్ గాదు మేడమ్, కల్చర్!" అని మొత్తుకుంటూనే నా ప్రచార సారథి బయటికి నడిచాడు.

ఇక లాభం లేదని చెయ్యెత్తాను. "యాక్చువల్లీ... అందరి ఇష్టం అదే అయితే, నేను..." అని నసిగాను.

మేగన్ నా ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. గొంతు తగ్గించి, చాలా దయగా అంది.

"సాట్యా, నీ ఫ్రెండ్ కోసం నువ్వు ఒప్పుకోనక్కర్లేదు. నువ్వు ఇక్కడ సేఫ్. నీకు నిజంగా కావాలా?"

చూశారా? ఇంతకంటే సూటిగా దేవుడు కూడా అడగడు. 'అవును, కావాలి' అంటే చాలు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. ఇరవై మంది నా వంక చూస్తున్నారు. వాళ్ళందరి ముందు నాకు కావాలని నా నోటితో నేనే ఎలా అనను? సిగ్గుగా నవ్వి, తల అడ్డంగా ఊపాను.

"థాంక్యూ ఫర్ బీయింగ్ ఆనెస్ట్," అంది మేగన్. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కలలు గన్న చప్పట్లే.

"నిత్యా, నువ్వు చేస్తావా?"

"షూర్! ఐ వుడ్ లవ్ టు!"

అంతే. అర సెకను పట్టింది.

బయట వరండాలో వెంకట్ పక్కన నిలబడి, వచ్చేవాళ్ళకి లడ్డూలు పంచాను. దేనికని అడిగితే నిత్య గెలిచినందుకన్నాను. ఎంత మంచివాడివని ఒకావిడ నన్ను కౌగిలించుకుంది. జనం పలచబడ్డాక నిత్య నా దగ్గరికి వచ్చింది.

"సత్యా అన్నయ్యా, మీరు రియల్‌గా వద్దు అన్నారా? లేకపోతే మా మామ్ వద్దు అంటుంది కదా, అలా అన్నారా? షీ సేస్ నో టూ టైమ్స్, తర్వాత తింటుంది. మీకు కావాలి అంటే చెప్పండి, నేను మేగన్‌కి చెప్తాను. ఐ డోంట్ మైండ్."

నన్ను అర్థం చేసుకున్న ఏకైక ఓటరు! పోయిన పదవిని పళ్ళెంలో పెట్టి ఇస్తోంది. నేనేమన్నానో మీరు ఊహించే ఉంటారు.

"ఛ ఛ, లేదమ్మా. నిజంగానే వద్దు."

"ఓకే! మేము పాన్‌కేక్స్‌కి వెళ్తున్నాము. మీరు వస్తారా?"

"లేదు లేదు. మీరు కానివ్వండి."

"ఓకే, బై!" అని పరిగెత్తింది. వాళ్ళ కారు పార్కింగ్ లాట్ దాటేదాకా అక్కడే నిలబడ్డాను. ఎవరైనా అద్దం దించి ఇంకోసారి పిలుస్తారేమోనని. ఏడుపొచ్చింది. దాచుకోవడానికి లడ్డూ తిన్నాను.

బస్సులో వెంకట్ "గిదేం దేశమన్నా, ఒక్కసారే అడుగుతరు!" అని వాపోయాడు. నేను ఇంటికి చేరాక, స్నానం చేసి, కిటికీ ముందు నిలబడి, కుడిచెయ్యి చాచి ప్రతిజ్ఞ చేశాను. 'సత్య అను నేను, ఇకమీదట ఎవరు ఏది ఇస్తామన్నా, ఎక్కడికి రమ్మన్నా, మొదటిసారే, గట్టిగా, నలుగురూ వినేలా కావాలి అంటానని మనస్ఫూర్తిగా ప్రమాణం చేస్తున్నాను.'

చేసి అయిదు నిమిషాలు కాలేదు. వంటింట్లోంచి వెంకట్ కేకేశాడు.

"అన్నా, పప్పుచారు చేసిన. తింటవా?"

"వద్దురా, ఆకలి లేదు," అన్నాను.

వాడు అప్పటికే నా కంచంలో వడ్డించేశాడు.