దిగిపోతాడని నేను చెప్పిన మాట

పోయిన ఏడాది మా ఆయనకూ నా తమ్ముడికీ పెద్ద తగువు నడిచింది. గట్టు దగ్గర కాదు, బోరు దగ్గర కాదు. సముద్రాల అవతల ఉన్న ఒక దేశపు ప్రెసిడెంటు గురించి. ఆయన మొహాన్ని వీళ్ళు ఫోన్లో చూడటమే. వీళ్ళ మొహాలను ఆయన ఎన్నటికీ చూడడు. అయినా రోజూ పొద్దున్నే మా మిడిసౌతె చప్పరం కింద చేరి ఆయన కోసం గొంతులు చించుకునేవారు. అడ్డం పోయినవాళ్ళను నువ్వెవరి పక్షమని నిలదీసేవారు. నేను ఎవరి పక్షమూ కాదు. కానీ ఆ తగువులో జరిగిన నష్టంలో నా చెయ్యి ఉంది. అది రాయాలనే కూర్చున్నాను.

ముందు మిడిసౌతె అంటే చెప్పాలి. వేలెడంత దోసకాయ. కర్ణాటకలో మా బాగేపల్లి వైపు పల్లెల్లో ఆ కన్నడం పేరే అందరి నోళ్ళలో ఉంది. మేమెవరమూ దాన్ని కూర వండుకోము. కంపెనీవాళ్ళు విత్తనం ఇచ్చి పండించమంటారు, కోసినదాన్ని లారీలో తీసుకుపోతారు, ఉప్పునీళ్ళలో ఊరేసి డ్రమ్ములకెత్తి ఓడ ఎక్కిస్తారు. మా కంపెనీ సరుకు ఎక్కువగా పోయేది ఆ ప్రెసిడెంటు దేశానికే. ఈ కాయకు ఒక గుణం ఉంది, అది ఆగదు. ఇవాళ చిటికెన వేలంత ఉంటే రేపటికి బొటనవేలంత అవుతుంది, ఎల్లుండికి రోకలి పొన్నంత. అంత లావైనదాన్ని కంపెనీ ముట్టదు. అందుకే తీగ కాపుకొచ్చిందంటే ఇంట్లో జ్వరం ఉన్నా, ఊళ్ళో చావు ఉన్నా కోయాల్సిందే. దాని నూగుకు చేతులు మోచేతుల దాకా దురద పెడతాయి. చప్పరం కింద పోసి, కొసన ఎండిన పువ్వును బొటనవేలితో రాల్చి, లావును బట్టి వేరు చేసి పెట్టెల్లో నింపాలి.

మా పక్కనే అర ఎకరం నా తోడికోడలిది. మా మరిది పోయినప్పటి నుంచి ఆమె ఒక్కతే చేసుకుంటోంది. నాకంటే పదిహేనేళ్ళు చిన్న. ఆమె బావి ఎప్పుడో ఎండిపోయింది. మా బోరులో వారానికి రెండు వంతులు ఆమెకు. ఆ ఏడు అర ఎకరమూ మిడిసౌతె పెట్టింది. ఆ పంట నిలబడితే ఇంట్లో ఉండి సేద్యం చేసుకోవచ్చు. నిలబడకపోతే గౌరిబిదనూరు దారిలో ఉన్న గార్మెంట్స్‌కు పోవాలి. ఊళ్ళో ఆడవాళ్ళను ఎక్కించుకుపోయే వ్యాను రోజూ ఆమె వాకిలి ముందు నుంచే వెళ్తుంది. అది కనపడగానే మొహం తిప్పుకునేది.

"ఆ వ్యాన్లో కూర్చుంటే నాకు ఊపిరాడదక్కా," అనేది. ఎక్కకముందే అనేది.

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. గోరంట్ల వైపు నుంచి మా వీధికి కోడలుగా వచ్చినామె మధ్యాహ్నాలు వాకిట్లో కూర్చోబెట్టి నేర్పింది. ఆమెకు వచ్చినది తెలుగు కనుక నాకూ తెలుగే వచ్చింది. మా ఊరి బోర్డులన్నీ కన్నడం. రెండు లిపులూ దగ్గర దగ్గరగానే ఉంటాయి కాబట్టి బస్సు బోర్డులు కూడా లాగించేస్తాను. మా ఆయన హిందూపురం బస్సులో వచ్చే తెలుగు పేపరు తెస్తే, చప్పరం కింద లైను కింద వేలు పెట్టి గట్టిగా చదివేదాన్ని. ఆడవాళ్ళు కాయలు ఏరుతూ వినేవారు. ఆలస్యంగా చదువు నేర్చుకున్నవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది. అచ్చులో పడిందంటే అది జరిగి తీరుతుందనుకుంటాం.

ఆ ప్రెసిడెంటు మన దేశం సరుకు మీద పన్ను వేశాడని మొదట చదివింది నేనే. ఆ వారమే లారీ రోజు మార్చి రోజు రావడం మొదలైంది. తర్వాత అన్నిటికంటే సన్నకాయ తప్ప మిగతాది వద్దన్నారు. ఆ రోజే బావాబావమరుదుల మధ్య మొదలైంది.

"గట్టోడప్పా ఆయన," అన్నాడు మా ఆయన. "వాళ్ళ దేశం బాగు వాళ్ళు చూసుకుంటాండారు. తప్పేముండాది?"

"తప్పు ల్యా బావా. నీ దోసకాయ నీ ఎనుము తింటాంటే అప్పుడు చెప్పు గట్టోడని," అన్నాడు నా తమ్ముడు. "వాళ్ళ జనమే మొకం తిప్పుకుంటాండారు. సర్వేల్లో దినదినానికీ పడిపోతాండాడు."

"ఎవుర్ని అడిగి చేసినారా సర్వే? నీ మాదిరోళ్ళను అడిగింటారు. నువ్వు మీ యమ్మ చేసిన రాగిముద్దకే వంకలు పెట్టినోడివి."

"మా యక్క చేసిన ముద్ద తిని ఇన్నేండ్లు బతికినావు గదా బావా, నీకు ఓర్పు శానా. ఆ దేశమోళ్ళకి అంత ల్యా."

ఆడవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. అప్పటికింకా నవ్వు వచ్చేది.

వాళ్ళ తగువు ఆ ప్రెసిడెంటుది కాదని నాకు తెలుసు. ఇక్కడ ఎవరి జెండా వాళ్ళకుంది. ఆ జెండా లెక్కనే అక్కడి మనిషిని పంచుకున్నారు. మా ఆయనకు నచ్చే పార్టీవాళ్ళు గట్టి మనిషి అంటే చేతులెత్తి మొక్కుతారు కాబట్టి ఈయనకు ఆయన దేవుడు. నా తమ్ముడు ఎదుటి జెండావాడు కాబట్టి వాడికి ఆయన దెయ్యం. ఆయన కింద పని చేసేవాళ్ళ బాగోతాలు వారానికొకటి బయటపడుతున్నాయని పేపర్లో వచ్చేది. నేను చదవడం అయ్యీ కాకముందే ఎత్తుకునేవారు.

"పేపరోళ్ళు పుట్టిస్తాండారు," అనేవాడు మా ఆయన.

"ఇదే పేపరు మొన్న మా లీడరు సంగతి రాస్తే నిజమంటివే?"

"అది నిజం కాబట్టి నిజమంటి."

"అట్లయితే ఇది?"

"ఇది పేపరు."

ఒక పొద్దున నా తోడికోడలు పెట్టెలు పక్కనపెట్టి వాళ్ళ ముందుకొచ్చి నిలబడింది. చింతామణి వైపు నర్సరీలో ఎందుకైనా మంచిదని టమేటా నారు చెప్పిపెట్టుకుంది. నాలుగు రోజుల్లో తీసుకుపోకపోతే నారు ముదురుతుంది, వేరేవాళ్ళకిస్తామని ఫోను వచ్చింది. బోరులో నీళ్ళు తగ్గి ఆమె వంతు ఒక్కటే అయింది. ఆ నీళ్ళు మిడిసౌతెకైనా సరిపోతాయి, టమేటాకైనా సరిపోతాయి. రెండింటికీ చాలవు. తీగలు పీకేసి నారు నాటడమో, నారు వదులుకుని తీగలు కాపాడుకోవడమో తేల్చుకోవాలి.

"బావా, ఒక మాట చెప్పండి. లారీ మళ్ళా మునుపటి మాదిరి వస్తాదా, రాదా?"

"ముందు వీడ్ని ఒప్పుకోమనమ్మా, ఆ సర్వేలు సుళ్ళు, అబద్ధాలని," అన్నాడు మా ఆయన.

"నీ బావను ఒప్పుకోమనమ్మా, పన్నేసినోడు మంచోడు కాదని," అన్నాడు నా తమ్ముడు.

అంతే. మళ్ళీ వాళ్ళిద్దరే. ఆమె నా దగ్గరికొచ్చింది. నేను ఎవరికీ మొగ్గనని, మొహం మీదే చెప్తానని ఊళ్ళో పేరు. పైగా చదువుకున్నదాన్ని.

"నువ్వు చెప్పక్కా. పేపర్లో ఏముండాది?"

ఆ రోజు పేపర్లో ఉన్నది ఇది: ఆ ప్రెసిడెంటు మీద జనానికి ఉన్న మెప్పు మరింత తగ్గింది. ఇంతే ఉంది. అది చదవగానే నాకు మా పాల సంఘం గుర్తొచ్చింది. కొన్నేళ్ళ కిందట మా సంఘం ప్రెసిడెంటు మీద ఊరు తిరగబడింది. పాలు కొలిచే దగ్గర ఆయన్ని మెచ్చుకునేవాడు ఒక్కడూ మిగల్లేదు. నెల తిరక్కముందే డైరెక్టర్లు కూర్చుని, ఈయన వద్దని చేతులెత్తారు, ఆయన తాళాలు బల్ల మీద పెట్టి ఇంటికి పోయాడు. పంచాయతీలోనూ అదే చూశాను. మనుషులు విడిచిపెడితే కుర్చీ విడిచిపెట్టాలి. నా బతుకులో చూసిన ప్రెసిడెంట్లందరూ అట్లాగే దిగారు. ఇతనికి మాత్రం వేరే ఎందుకు ఉంటుంది?

"దిగిపోతాడు," అన్నాను. "ఇంకో నెల, అంతే. దిగితే పన్నూ పోతాది. తోట పీకొద్దు."

ఆమె అక్కడే నిలబడి నర్సరీకి ఫోను చేసి నారు వద్దని చెప్పేసింది. ఆ నారు మంచేనహళ్ళి వైపు వాళ్ళెవరో తీసుకుపోయారని తర్వాత తెలిసింది.

ఆమె వంతు నీళ్ళన్నీ మిడిసౌతెకే పెట్టింది. తీగలు పాకే దారాలు తెగినచోట మళ్ళీ కట్టింది. తోట పచ్చగా తిరిగింది. నేను రోజూ పేపరు తీసి ముందుగా ఆ వార్తే వెతికేదాన్ని. మెప్పు ఇంకా తగ్గిందని రాస్తే నాకు సంతోషం. ఆమెకు గట్టిగా చదివి వినిపించేదాన్ని. ఆమె తలూపి కోతలో పడేది. నెల అయింది. ఇంకా పడిపోయాడని రాశారు. కానీ మాట్లాడేది అతనే, సంతకం పెట్టేది అతనే, ఫోటోలో కుర్చీలో ఉన్నదీ అతనే.

నా తమ్ముడిని పట్టుకున్నాను.

"ఇంత పడిపోయినాడంటారు, ఇంకా దిగల్యా ఏమిరా?"

"దిగేది యాడక్కా? అది ఓటు కాదు. ఊరికే జనాన్ని అడుగుతారు, నచ్చినాడా లేదా అని. నచ్చల్యా అన్నా గడువు దాకా ఉంటాడు."

"నువ్వు రోజూ పడిపోయినాడు, పడిపోయినాడు అని ఎగిరితివి గదరా!"

"పడిపోయినాడంటి. దిగిపోతాడని నేను యాడంటి?"

నిజమే. వాడు అనలేదు. మా ఆయనా అనలేదు. పేపరూ అనలేదు. ఆ మాట అన్నది నేనొక్కదాన్నే. పేపర్లో ఉన్నది చదివాను, లేనిది కూడా చదివాను.

ఆ మరుసటి వారం కంపెనీ మనిషి ఫోను చేసి, మళ్ళీ చెప్పేదాకా లారీ రాదని, కోయొద్దని చెప్పాడు. కోయొద్దంటే కాయకు వినపడుతుందా? మూడు రోజుల్లో ఆమె తోటలో తీగ తీగకూ ముదురుకాయలు వేలాడాయి. పసుపు తిరిగాయి. గంపలతో మోసి మా ఎనుములకు వేశాం. రెండో రోజు అవి కూడా మూతి తిప్పుకున్నాయి. మిగిలినవి గట్టు మీద పోస్తే ఎండకు పగిలి పులిసిన వాసన. మా తోటకూ అదే గతి. కానీ మాకు రాగిచేను ఉంది, పాలున్నాయి, ఏదో గడుస్తుంది. ఆమెకు ఆ అర ఎకరమే.

తీగలు పీకే రోజు నేనూ వెళ్ళాను. దారాలు తెంపుతూ చెప్పేశాను.

"నేను తప్పు చెప్పినాను. పేపర్లో అట్ల ల్యా. నేనే అనుకొని చెప్పినాను."

ఆమె పీకుతూనే ఉంది. "నువ్వు చదివి చెప్పినావు గదక్కా. నాకు అదీ రాదు."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్లు తినడానికి సిద్ధపడే పోయాను. అప్పుడు కూడా చప్పరం దిక్కు నుంచి మా ఆయన గొంతు వినపడుతోంది. ఆ ప్రెసిడెంటు దగ్గరి మనిషి ఎవరో కొత్త బాగోతంలో ఇరుక్కున్నాడు, అది నిజమా అబద్ధమా అని. ఏరడానికి ఒక్క కాయ లేదు, అయినా ఇద్దరూ ఖాళీ పెట్టెల మీద కూర్చుని ఉన్నారు. నేను పోయి అరిచాను. "లేయండి, వచ్చి ఇన్ని తీగలు పీకండి!" లేచి వచ్చారు. చెరొక సాలు పట్టుకున్నారు. సాలు చివరికి వచ్చేసరికి మళ్ళీ మొదలుపెట్టారు.

నాట్లకు అదను పోయింది. పొలాన్ని పక్కవాళ్ళకు పంటలో వాటా మీద కోరుకిచ్చి నా తోడికోడలు వ్యాను ఎక్కింది. మొదటి రోజు నేను వీధిలోకి పోలేదు. లోపలి నుంచి హారను విన్నాను, తలుపు వేసిన చప్పుడు విన్నాను.

నెల రోజుల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. వేళ్ళకు సూది గుచ్చుకున్న మచ్చలు. ముద్ద పెట్టి ఉలవచారు పోశాను.

"ఏం కుట్టిస్తాండారు?"

"కాలర్లక్కా. దినమంతా కాలర్లే. అంగీ మొత్తం ఎట్లుంటాదో నేను చూడనే ల్యా."

"ఊపిరాడతాందా?"

"కిటికీ పక్కన సీటు పట్టుకుంటాండా." కాస్త నవ్వింది. తర్వాత అంది, "అంగీలు యాడికి పోతాయమ్మా అని పక్కామెను అడిగినాను. ఆ దేశానికేనంట."

నేను ఇంకో గరిటె చారు పోశాను.

"ఆర్డర్లు తగ్గినాయంటాండారు. తగ్గితే కొత్తగా చేరినోళ్ళని ముందు నిలిపేస్తారంట."

బయట అరుగు మీద బావాబావమరుదులు ఫోను పెట్టుకుని ఉన్నారు. ఆయన ఇంకా పడిపోయాడని ఒకడు, అదంతా కుట్ర అని ఒకడు. ఆమె అటు ఒకసారి చూసి, ముద్ద తుంచుకుంటూ అడిగింది.

"ఇంగ ఎన్నాళ్ళుంటాడక్కా ఆయప్ప?"

"నాకు తెలీదమ్మా," అన్నాను.

ఆమె తిని, పళ్ళెం కడిగి బోర్లించి, సోమవారం వ్యాను ముందుగా వస్తుందని చెప్పి వెళ్ళిపోయింది.