నీలం రంగు వేసిన బోరు

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. ఒక అబద్ధాన్ని చాలా ఏళ్లుగా మోస్తున్నాను. ఒక లీటరు సీసాలో పట్టే అబద్ధం. దించుకునే చోటు దొరక్క పెళ్లికీ, ఉద్యోగానికీ, పిల్లల్ని కనడానికీ, అన్నిటికీ దాన్ని వెంటబెట్టుకునే వెళ్లాను. మా ఆయనకి కూడా చెప్పలేదు.

నేను ఒక యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చెబుతాను. మా డిపార్ట్‌మెంట్ వరండాలో గోడకు ఒక మ్యాపు ఉంటుంది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా ఊళ్లన్నీ చుక్కలుగా పెట్టిన మ్యాపు. గీసింది నేనే. వచ్చినవాళ్లు దాని ముందు నిలబడి మెచ్చుకుంటారు. నేను మాత్రం దాని ముందు నుంచి నడవలేక, వెనక మెట్ల మీదుగా చుట్టు తిరిగి నా గదికి వెళ్తాను. ఆరోగ్యం కోసమని తోటివాళ్లకు చెప్పాను. అదీ అబద్ధమే. ఒకటి చెప్పాక రెండోది ఎంత సులువుగా వస్తుందో.

అప్పుడు నేను పరిశోధన విద్యార్థిని. బోర్లలో నీళ్లు పట్టుకొచ్చి, వాటిలో ఫ్లోరైడ్ ఎంతుందో చూడటం నా పని. అది ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్లు గారపడతాయి, పెద్దవాళ్ల కీళ్లు బిగుసుకుపోతాయి. మ్యాపులో ప్రమాదమైన ఊరికి ఎర్ర చుక్క, తాగదగిన ఊరికి నీలం చుక్క. నంద్యాలలో ఒక గది తీసుకుని, అక్కడి నుంచి ఆటోల్లో, బస్సుల్లో ఊళ్లు తిరిగేదాన్ని. మాది గడివేముల వైపు. ఆ నల్లరేగడి నేలల్లో పుట్టినదాన్నే. ఆ ఊళ్ల మాట, ఆ ఊళ్ల పద్ధతి నాకు కొత్త కాదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత నేను తెలియక చేశానని మీరు అనుకోకూడదు.

బోరు నీళ్లు పట్టడానికి ఒక పద్ధతి ఉంది. ముందు మోటారు వేసి నీళ్లు వదిలేయాలి. పైపులో నిలవున్నది పోయి, భూమి లోపలి నీళ్లు వచ్చేదాకా ఆగాలి. చేతిలో ఒక చిన్న మీటరు ఉంటుంది. దాన్ని నీళ్లలో ముంచితే నీళ్లలో ఉప్పులెంతో అంకెల్లో చూపిస్తుంది. ఆ అంకె కదలకుండా నిలబడ్డాకే సీసా పట్టాలి. అంతా మోటారు మీద ఆధారం. మోటారు కరెంటు మీద ఆధారం. ఆ వైపు పొలాల లైనుకు కరెంటు ఎప్పుడిస్తారో ఆ లైన్‌మన్‌కే తెలియాలి.

ఆళ్లగడ్డ దాటి లోపలికున్న ఊరది. పేరు చెప్పను. అక్కడికి చేరేసరికి సాయంత్రమైంది. బోరు పక్కిల్లు పరుపులు కుట్టుకునే కుటుంబానిది. ఆ ఇంటి హుసేనమ్మ అరుగు మీద దూది ఏకుతోంది. పక్కన బడి నుంచి అప్పుడే వచ్చిన కూతురు మాబున్ని. కరెంటు సంగతి అడిగాను.

"ఈ వారం మా లైనుకు రాత్రికి గానీ రాదు పాపా. ఈడనే పండుకో. పొద్దున్నే పట్టుకోని పోదువులే," అంది హుసేనమ్మ.

ఉండొచ్చు. ఉండి ఉంటే నాకేమయ్యేది? ఆ ఇంట్లో నాకేం భయం? కానీ ఆటో అతను తొందరపెడుతున్నాడు. ఆళ్లగడ్డలో బస్సు దాటిపోతే మళ్లీ ఎప్పుడో. ఆ వారమే మా గైడుగారికి మ్యాపు చూపించాలి. ఆయనంటే నాకు చచ్చేంత భయం. "మ్యాపులో ఖాళీ ఉంటే స్కాలర్ బుర్రలో ఖాళీ ఉన్నట్టే" అని నలుగురిలో నవ్వుతూ అనేవారు. ఆ నవ్వుకి ఇద్దరు చదువు మానేయడం నేను చూశాను. మిగిలింది ఈ ఒక్క ఊరే. ఇదొక్కటి అయిపోతే అంతా అయిపోయినట్టే.

ఇంట్లో ఉన్న నీళ్లే ఒక సీసాడు ఇవ్వమన్నాను. ఆమె లోపలికి వెళ్లి, మూత పెట్టిన బిందె తెచ్చి నా ముందు పెట్టింది. మీటరు ముంచాను. అంకె చాలా తక్కువ చూపించింది. ఆ నేలలో ఏ బోరూ అంత తక్కువ చూపించదు. అవి కాలవ నీళ్లు. అడగాల్సిన పని కూడా లేకపోయింది, ఆమే చెప్పింది.

"కాలవ నీళ్లు పాపా. సైకిల్ మింద తెప్పిచ్చుకుంటాం తాగేదానికి. బోరు నీళ్లు ఉప్పగా, సవుడుగా ఉంటాయి. ఇంటికొచ్చిన మనిషికి అవి ఇస్తామా?"

మా వైపు అంతే. బోరు నీళ్లు గిన్నెలకు, గొడ్లకు. దూరం నుంచి మోసుకొచ్చిన నీళ్లు ఇంటివాళ్లు పొదుపుగా తాగుతారు, వచ్చినవాళ్లకు నిండా ఇస్తారు. అది వాళ్ల మర్యాద. ఆ మర్యాదను నేను సీసాలోకి వంపుకున్నాను. మూత బిగించాను. పైన ఆ ఊరి బోరు అని రాశాను. చెయ్యి వణికిందా? వణికిందని చెప్పుకోవాలనిపిస్తుంది. నిజం చెప్పాలంటే వణకలేదు. నవ్వుతూ వస్తానని చెప్పాను. మళ్లీ వచ్చి సరిగ్గా పట్టుకుపోదాంలే అనుకున్నాను. వెళ్లలేదు.

నీలం చుక్క పడింది. గైడుగారు మొదటిసారి భుజం తట్టారు. ప్రాణం లేచొచ్చింది. మ్యాపు, రిపోర్టు పై ఆఫీసులకు వెళ్లాయి. ఎర్ర చుక్క పడిన ఊళ్లకు నీళ్లు శుద్ధి చేసే ప్లాంట్లు పెట్టారు. నీలం పడిన బోర్లకు నీలం రంగు వేసి, తాగవచ్చని రాశారు. ఒక్క సీసా చూసి ఒక ఊరి నీళ్లు మంచివని చెప్పేస్తారా అని మీరడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. అప్పుడు ఎవరూ అడగలేదు. నేను ఎవరూ అడక్కూడదని మొక్కుకుంటూ తిరిగాను.

ఆ తర్వాత నాకు భయం పట్టుకుంది. మీటింగులో ఎవరైనా ఆళ్లగడ్డ పేరెత్తితే మాట మార్చేసేదాన్ని. వేరే యూనివర్సిటీ వాళ్లు ఆ వైపు నీళ్లు చూస్తున్నారని వింటే అన్నం సహించేది కాదు. ఏ భయం ఎక్కువ, దొరికిపోతానన్న భయమా, ఆ నీళ్లు తాగి ఎవరేమైపోతున్నారోనన్న భయమా? చాలాసార్లు నన్ను నేనే అడిగాను. మొదటిదే ఎక్కువని ఒప్పుకోవడం నాకు సిగ్గుగా ఉంది.

చాలా ఏళ్లకు విద్యార్థుల్ని గుహలు చూపించడానికి కొలిమిగుండ్ల వైపు తీసుకెళ్లాను. తిరిగొచ్చేటప్పుడు వాళ్లని ఆళ్లగడ్డలో భోజనానికి దింపి, చుట్టాలున్నారని చెప్పి ఆటో ఎక్కాను. ఆ ఊరు నన్ను లాగింది. మాబున్ని పెళ్లయి, ఒక పాపతో అదే ఇంట్లో ఉంది. గుర్తుపట్టింది. హుసేనమ్మ కుర్చీలో కూర్చుని నమాజు చేసుకుంటోంది. నేల మీద కూర్చుని రోజంతా దూది ఏకిన మనిషి. మోకాళ్లు వంగడం లేదట, మెడ తిరగడం లేదట. వయసు కావచ్చు. నీళ్లు కావచ్చు. రెంటిలో ఏది కారణమో చెప్పగలిగి ఉండాల్సిన మనిషిని నేనే. పాప నవ్వింది. పళ్ల మీద గోధుమ రంగు గీతలు.

"రోజూ దగ్గరుండి తోమిస్తాండా మేడమ్. పోవు. బళ్లో ఎగతాళి చేస్తాండారంట," అని మాబున్ని చెంబుతో నీళ్లు తెచ్చింది. "తాగండి. ఇప్పుడు కాలవ నీళ్ల బాధ లేదు. మీరు చూసి పోయినాక బోరు నీళ్లే తాగతాండాం. ఊరంతా అంతే."

చెంబు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. తాగలేకపోయాను. ఆమె లోపలికి వెళ్లినప్పుడు కరివేపాకు చెట్టు మొదట్లో పారబోశాను. ఆ క్షణంలో చెప్పొచ్చు. ఒక్క మాట చాలు. తాగొద్దు అంటే చాలు. ఎలా తెలుసని అడుగుతారు, ఇన్నాళ్లూ ఏం చేశావని అడుగుతారు, అక్కడి నుంచి అది డిపార్ట్‌మెంటుకు వస్తుంది. చెప్పలేదు. ఫోన్ నంబరు మాత్రం తీసుకున్నాను. ఎందుకో నాకే తెలియదు. సీసాలో కాలవ నీళ్లు పోసిన రోజు నేను బుద్ధిలేని పిల్లని అనుకోవచ్చు. చెంబు పారబోసిన రోజు నేను ఇద్దరు పిల్లల తల్లిని.

ఇప్పుడు నా దగ్గర శైలజ అనే అమ్మాయి పరిశోధన చేస్తోంది. అవే ఊళ్లు, అవే బోర్లు. ఆ ఊరికి వెళ్తానంటే, పాత అంకె ఉందిగా, టైము దండగ అని నేనే ఆపాను. పెద్దదాన్ని, గైడుని. విన్నది. మొన్న నవ్వుతూ వచ్చి, "మేడమ్, పక్క రెండు ఊళ్లకి కూడా వెళ్లలేదు. మీ పాత అంకె బట్టి లెక్కగట్టి నీలమే పెట్టేశాను, సరేనా?" అంది.

అప్పుడు నాకు నిజంగా భయమేసింది. ఇన్నాళ్లూ నా గురించి నేను పడ్డ భయం ఒక భయమే కాదనిపించింది. ఒక ఊరు మూడు ఊళ్లవుతోంది. రేపు ఈ పిల్ల ఇంకెవరికో గైడవుతుంది. ఆ మూడు ఊళ్లకూ వెళ్లమన్నాను. కరెంటు వచ్చేదాకా అక్కడే ఉండమన్నాను. మోటారు వేసి, నీళ్లు వదిలి, అప్పుడు పట్టమన్నాను. ఎందుకని అడిగితే వచ్చాక చెబుతానన్నాను.

ఆ మధ్యాహ్నం గది తలుపు గడియ పెట్టుకుని మాబున్నికి ఫోన్ చేశాను.

"బోరు నీళ్లు తాగొద్దు మాబున్నీ. పాపకి అసలు పోయొద్దు."

"ఎందుకు మేడమ్? చూసి మంచివని చెప్పింది మీరే కదా?"

"నేను చూల్లేదు. ఆ పొద్దు మీ అమ్మ ఇచ్చిన కాలవ నీళ్లు పట్టుకోని పోయినా. బోరువని రాసినా."

అంతసేపూ ఫోన్లో వెనక వినిపిస్తున్న కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది.

"తెలిసే రాసినారా?"

"తెలిసే."

"మళ్లా ఇంటికొచ్చినప్పుడు? మా పాప నోరు చూసినప్పుడు గూడా తెలుసా మీకు?"

తెలుసన్నాను. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఆమె గొంతు చాలా నిదానంగా వచ్చింది.

"ఊర్లో చెప్పల్ల. నా మాట నమ్మరు. నీలం రంగు ఉండాది గదా అంటారు. ఎవురు చెప్పినారని చెప్పల్ల?"

నా పేరు చెప్పాను. ఇంటిపేరుతో సహా, డిపార్ట్‌మెంటుతో సహా. ఆమె ఆ పేరు రెండుసార్లు నాతో మళ్లీ చెప్పించుకుంది. తర్వాత ఫోన్ పెట్టేసింది. క్షమించమని నేనడగలేదు. అడిగే ముఖం నాకు లేదు.

మీకు మాత్రం ఆ పేరు చెప్పడం లేదు. చూశారా, ఇంకా దాక్కుంటూనే ఉన్నాను. కానీ తెలియాల్సిన చోట తెలిసింది. శైలజ వచ్చాక ఆమెకూ చెప్పాలి. ఆ తర్వాత ఉద్యోగం ఏమవుతుందో, మా ఆయన ఏమంటాడో, ఆ ఊరివాళ్లు ఒక జీపు కట్టుకుని మా డిపార్ట్‌మెంటు ముందుకు వస్తారేమో, ఏదీ తెలియదు. రానివ్వండి. నన్ను పేరు పెట్టి అడగనివ్వండి.