స్తోత్రం రాసిన సెట్టింగుల ఫైలు

బోగోలు దగ్గరి మా మందిరంలో పాటల తెర నా బాధ్యత. వారమంతా రొయ్యల చెరువుల దగ్గర, నీళ్లలోకి గాలి పంపే ఏరేటర్లు బాగుచేస్తాను. ఆదివారం కంప్యూటర్ ముందు కూర్చుని పాటల చరణాలను తెరపైకి పంపుతాను. ఆ ప్రోగ్రామును మా సంఘంలోని ఒక అక్కే తయారుచేసింది. ఆమె కావలిలో కాలేజీ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతుంది, ఆరాధనకు మాత్రం ఇక్కడికే వస్తుంది.

మేమందరం పెద్దమ్మా అని పిలిచే ముసలామెకు జ్వరం వచ్చి తగ్గాక చెవులు వినబడకుండా పోయాయి. పాట ఎంతవరకు వచ్చిందో ఆమెకు తెలిసేది తెర వల్లే. కొన్నాళ్లకు ఆ అక్షరాలూ కంటికి ఆనలేదు. గోడను చూస్తా కూర్చున్నట్టుంది, ఇక మందిరానికి రానని కోడలితో చెప్పిందట. అది విన్నాక నాకు అన్నం సయించలేదు. ఈ ఒక్క ఆదివారం తీసుకురమ్మని కోడలిని బతిమాలాను.

అక్షరాల సైజు మార్చాలంటే సెట్టింగుల ఫైలు తెరవాలని అక్క ఎప్పుడో చెప్పింది. శనివారం తెరిచాను. అంతా ఇంగ్లిషు, కామాలు, బ్రాకెట్లు. మా ఇళ్లలో ఏ కాగితం మొదలుపెట్టినా, పెళ్లి సరుకుల చీటీ అయినా సరే, పైన ‘దేవునికి స్తోత్రం’ అని రాయందే కలం కదలదు. అలవాటు కొద్దీ మొదటి వరుసలో అదే టైపు చేశాను. కింద నలభైని అరవై చేసి, సేవ్ చేసి, ప్రార్థన చేసుకుని ఇంటికి పోయాను.

తెల్లారి ప్రోగ్రాము తెరుచుకోలేదు. పుస్తకాలు చూసి పాడాం. పెద్దమ్మ ఖాళీ తెరను కాసేపు చూసి, ఆశీర్వాదం కాకముందే లేచి వెళ్లిపోయింది.

ఆరాధన అయ్యాక అక్క ఫైలు తెరిచి చూసింది.

“పైన ఈ స్తోత్రం ఎవరు రాసినారన్నా?”

“నేనే అక్కా. అది రాయకుండా ఎట్ట మొదలుపెట్టేది?”

పక్కన డోలక్‌కు గుడ్డ చుడుతున్న మా వాయిద్యకారుడు నవ్వకుండా, “కంప్యూటర్ ఇంకా బాప్తిస్మం తీసుకోలా గదన్నా, దానికి స్తోత్రం ఏం తెలుస్తాది,” అన్నాడు.

నేను తల దించుకున్నాను. ఆ ఒక్క వరుస చెరిపేస్తే ఆమె పని అయిపోయేది. చెరిపింది గాని అక్కడితో ఆగలేదు.

“తప్పు నీది కాదన్నా. మన మనుషులు రాసుకునేదానికి వీలుగా దీన్ని నేను చేయలా.”

నన్ను కూర్చోబెట్టి ప్రతి వరుసా పైకి చదవమంది. నేను తడబడిన చోటల్లా నోటుపుస్తకంలో గుర్తు పెట్టుకుంది. నాకు అర్థంకాని చోట ఆమె తన తప్పు వెతుక్కుంది. చదువుకున్నవాళ్లు అలా చేయడం నేను అంతకుముందు చూడలేదు.

తర్వాతి శనివారం కొత్త ఫైలు తెచ్చింది. కామాలు, బ్రాకెట్లు పోయాయి. ‘పాట అక్షరాల సైజు’ అని తెలుగులోనే ఉంది, ఎదురుగా అంకె. దాని పైన, అంకె పెంచితే ఏమవుతుందో ఒక మాట. మాకు తోచింది రాసుకోవడానికి మొదట్లో నాలుగు వరుసలు వదిలింది. కావాలని ఒక తప్పు రాయమంటే రాశాను. ప్రోగ్రాము మామూలుగానే తెరుచుకుని, ఏడో వరుస అర్థం కాలేదనీ, పాత సైజే ఉంచాననీ చెప్పింది.

లేఖనం చదివి ఊరుకోక, జనానికి అర్థమయ్యేలా విడమరిచి చెప్పిన లేవీయుల, అంటే బైబిల్లోని ఆలయ సేవకుల, సంగతి సండేస్కూల్లో ఎన్నోసార్లు చెప్పాను. ఆ పనికి ఎంత ఓపిక కావాలో ఆ ఫైలు చూశాకే తెలిసింది. దేవుడు ఆమెకు జ్ఞానంతో పాటు ఆ ఓపికా ఇచ్చాడు.

ఆ సాయంత్రమే పెద్దమ్మ ఇంటికి వెళ్లి, అక్షరాలు పెద్దవి చేశామని కాగితం మీద లావుగా రాసి చూపించాను. ఆమె నవ్వలేదు, కానీ మర్నాడు వచ్చింది. మొదటి పాటకు కళ్లు చికిలించి నావైపు తల అడ్డంగా ఊపింది. పాస్టరు గారు ప్రార్థన చేస్తుండగా నేనే ఫైలు తెరిచి, ప్రభువు క్షమించుగాక, అరవైని ఎనభై చేశాను.

రెండో పాటకు ఆమె నోరు తెరిచింది. అందరికంటే ఒక మాట వెనక, అందరికంటే గట్టిగా పాడింది. డోలక్ ఆమె కోసం నెమ్మదించింది. మేమంతా ఆమెతో కలిశాం.