ఆర్‌ఎంపీ గారింటి చలిమిడి

పర్చూరు పక్క పల్లెలో కోటేశ్వరి ఆశా కార్యకర్త కాకముందు మిరపకాయల తొడిమలు తీసేది. ఆరేళ్ల కిందట తొలిచూలు మోస్తున్నప్పుడు ఆమెకు విపరీతమైన దాహం. ఊరంతా డాక్టరనే పిలిచే ఆర్‌ఎంపీ ప్రసన్నకుమార్ దగ్గరికి వెళ్లింది. "షుగరు ముసలాళ్ల జబ్బమ్మా. టెస్టులు దండగ. చలిమిడి తిను, కడుపు చలవ," అని పంపేశాడు. కడుపులో బిడ్డ నాలుగున్నర కిలోలు పెరిగింది. కాన్పులో భుజం ఇరుక్కుని, ఊపిరాడక చనిపోయింది. గర్భిణికి వచ్చే షుగరును ముందే పట్టుకుని ఉంటే బతికేదేమో అంది ఆసుపత్రి డాక్టరమ్మ.

ఆనాటి నుంచి కోటేశ్వరికి ఒకటే కసి. అతని నోటితోనే, ఊరి ఆడవాళ్ల ముందు, ఆ మాట తప్పనిపించాలి. తిట్టలేదు, తగువుకు పోలేదు. ఆశా కార్యకర్తగా చేరి షుగరు పరీక్ష చెయ్యడం నేర్చుకుంది. వేలి కొన మీద కాదు, పక్కన గుచ్చాలి. గ్లూకోజు నీళ్లు తాగించాక సరిగ్గా రెండు గంటలు ఆగాలి.

మొన్న ఫిబ్రవరిలో ప్రసన్నకుమార్ కూతురు శ్రీదివ్యకు ఏడో నెలలో పుట్టింట చలిమిడి పెడుతున్నారు. పిలుపు అందిన కోటేశ్వరి సంచీ తగిలించుకుని పొద్దున్నే వెళ్లింది.

"షుగరు చూపించుకున్నావా అమ్మాయ్?"

"నాన్న వద్దన్నారక్కా."

మాట్లాడకుండా వెళ్లిపోదామని ఒక్క క్షణం అనిపించింది. అతనికీ తెలిసొస్తుంది. కానీ చెయ్యి అప్పటికే గ్లూకోజు పొట్లం విప్పుతోంది.

రెండు గంటలయ్యాక వేలు గుచ్చితే మీటరు రెండొందల డెబ్బై చూపింది. ప్రసన్నకుమార్ పగలబడి నవ్వాడు.

"దాని చేతులు చూశావా? ఇప్పటిదాకా పళ్లేల్లో చలిమిడి సర్దింది. బెల్లానికి షుగరొచ్చిందే కోటేశ్వరీ!"

పేరంటానికొచ్చిన ఆడవాళ్లూ నవ్వారు. కోటేశ్వరి మొహం మాడిపోయింది. అతను చెప్పింది నిజం.

"తప్పు నాదే. ఇది చెల్లదు," అని స్ట్రిప్పు పారేసింది. శ్రీదివ్య చేత సబ్బుతో చేతులు కడిగించి, తడి లేకుండా తుడిచి, ఇంకో వేలు గుచ్చింది. మీటరుతో పాటు సంచీలోని గర్భిణుల షుగరు కరపత్రం కూడా అతని చేతిలో పెట్టింది.

"చదవండి డాక్టరు గారూ."

"నూట... తొంభై ఆరు."

"వెనకోళ్లకి వినపళ్లా. ఎంతుండాలో కూడా చెప్పండి."

"నూట నలభై లోపు."

"దాటితే?"

"బిడ్డ బరువు పెరుగుద్ది. కాన్పు కష్టమౌద్ది."

"ఇంకా?"

"చాల్లేవే, శుభమా అని పిలిస్తే," అంది అతని తల్లి పిచ్చమ్మ.

"నాకు చాల్లేదు మామ్మా. ఇంకా?"

"బిడ్డ దక్కకపోవచ్చు," అన్నాడతను నేల చూస్తూ.

శ్రీదివ్య బావురుమంది. కోటేశ్వరి ఆమె భుజం పట్టుకుంది. "నీకేం కాదు తల్లీ. టయానికి దొరికింది. తిండి మార్చుకోవాలి, అవసరమైతే ఇన్సులిన్ ఇస్తారు. పద, ఇవాళే ఆసుపత్రికి."

ఆటో వచ్చింది. వెనకే ఎక్కబోయిన ప్రసన్నకుమార్‌కి కోటేశ్వరి చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరెక్కడికి? మీ అరుగు మీద ఇద్దరు కడుపుతో ఉన్నోళ్లు మందుల కోసం కూర్చున్నారు. ఇప్పుడన్న మాటలన్నీ వాళ్లకీ చెప్పండి. తిరిగొచ్చాక వాళ్లనే అడుగుతా."