దాటింది అంటే

మా పిన్ని టార్పాలిన్లు కుడుతుంది. లారీల మీద, పడవల మీద కప్పే పెద్ద పెద్ద నీలం పట్టాలు. షెడ్డులో ఒక్కటి పరిచారంటే గోడ నుంచి గోడ దాకా నేల కనిపించదు. రేకుల సందుల్లోంచి వెలుగు దాని మీద పడి కదులుతుంటే, పిన్ని చెప్పులు విడిచి మెల్లగా అందులో నడుస్తుంది. మోకాలి లోతు నీళ్లలో నడుస్తున్నట్టే ఉంటుంది. పక్క కుట్టుమిషను దగ్గర కూర్చుని అది చూస్తూ నేను చాలాసార్లు కుట్టు తప్పాను.

వీధిలో ఆమెకు ఇంకో పేరుంది, గాలికబుర్ల పిన్ని అని. బాబాయి సరుకుల లాంచీలో ఇంజను డ్రైవరు. ఆయన సముద్రం మీద ఉన్నన్నాళ్లూ ఈవిడ కళ్లు ఫోను మీదే. ఒకసారి ఎవరో పంపిన తుఫాను బొమ్మ చూసి వీధి వీధంతా ఇళ్ల కప్పులకు తాళ్లు కట్టించింది. మర్నాడు ఆకు కదల్లేదు. తీరా చూస్తే ఆ బొమ్మ ఎప్పటిదో, ఏ సముద్రానిదో. జనం ఊరుకుంటారా, పేరు పెట్టేశారు. బాబాయి కూడా తక్కువ తినలేదు. "మా ఇంట్లోనే వాతావరణ కేంద్రం ఉంది, జీతం ఒక్కటే లేదు" అని నలుగురిలో నవ్వించేవాడు. పిన్ని పైకి నవ్వేది గానీ ఆ మాట లోపల గుచ్చుకునేదని నాకు తెలుసు. నాకు మాత్రం ఆయన మీద ఒళ్లు మండేది.

అప్పటినుంచి పిన్ని పట్టు పట్టింది. ఫోనుకి వచ్చిన బొమ్మలు వచ్చినట్టే తుడిచేసేది. వాతావరణ శాఖ సొంత పేజీ వెతికి పట్టుకుంది. అందులో ప్రతి బులెటిన్ నెత్తినా అది ఎప్పుడు రాసిందో ఉంటుంది.

"టైము లేని కబురూ తల లేని చేపా ఒకటేనే. ఎన్నాళ్లదో తెలియదు" అనేది.

గాలి రంగురంగుల గీతలై పారే పటం ఒకటి నాకు నచ్చి చూపిస్తే, చాలాసేపు కళ్లప్పగించి చూసింది. "బాగుంది. కానీ ఇది కంప్యూటరు ముందుగా వేసుకున్న అంచనా. నాకు కొలిచింది కూడా కావాలి" అంది. చివరికి రేవుల్లో గాలినీ పీడనాన్నీ ఎప్పటికప్పుడు కొలిచి పెట్టే పేజీ ఇంకోటి సంపాదించింది. ఉపగ్రహ చిత్రాల్లో మబ్బులు సుడి తిరుగుతుంటే మిషను ఆపేసి ఒళ్లు మరిచి చూసేది. అంత భయంకరమైనది అంత అందంగా ఎలా ఉంటుందే అని అడిగేది.

ఈసారి తుఫాను నిజంగానే వచ్చింది. మాకు దూరంగా, బాబాయి వాళ్లు లాంచీ కట్టేసుకుని ఉన్న చిన్న రేవు వైపు వెళ్లింది. ఇక్కడ మాకు సన్నటి జల్లే. షెడ్డులో వెలుగంతా పాలరంగులోకి మారింది. మధ్యాహ్నం ఫోను మోగింది.

"ఏమే, ఇంక భయం లేదు" అన్నాడు బాబాయి. "తుఫాను తీరం దాటిందట, గ్రూపులో అందరికీ వచ్చింది. ఇక్కడ ఎండ కూడా కాస్తోంది. మా సరంగు తాళ్లు విప్పమంటున్నాడు. లాంచీ నడిపేవాడు ఆయనేగా, బయల్దేరుతున్నాం."

పిన్ని చేతిలో అప్పటికే బులెటిన్ ఉంది. అందులోనూ అదే మాట: తీరం దాటింది. నాకు ప్రాణం కుదుటపడింది. గండం దాటిందంటే గట్టెక్కినట్టే కదా మరి. పిన్ని మొహం మాత్రం పాలిపోయింది.

"దాటడమంటే పోవడం కాదయ్యా. సముద్రం మీంచి నేల మీదికి రావడం. సరిగ్గా మీ రేవు దగ్గరే వచ్చింది. పీడనం ఇంకా అడుగునే ఉంది. మీరిప్పుడు తుఫాను కంట్లో, గాలి లేని నడుమ ఉన్నారు, అందుకే ఎండ. కాసేపట్లో గాలి అవతలి వైపు నుంచి తిరిగి కొడుతుంది."

"ఆకాశం అద్దంలా ఉందే ఇక్కడ."

"తాళ్లు విప్పొద్దు" అంది పిన్ని. ఆ మాట పూర్తయిందో లేదో, లైను తెగిపోయింది.

మళ్లీ కలవలేదు. పిన్ని పట్టా మీదే కూర్చుండిపోయింది. ఫోనులో తెల్లటి సుడి, నడుమ చిన్న నల్లచుక్క. ఆ చుక్క కింద ఆమె మనిషి ఉన్నాడు. రేవు పేజీలో గాలి ఉన్నట్టుండి దిక్కు మార్చుకుంది, పెరిగింది, ఇంకా పెరిగింది, తర్వాత ఆ గడి ఖాళీ అయిపోయింది. చుట్టూ ఆ నీలం, చూరు నుంచి కారే నీళ్ల చప్పుడు. ఎంతసేపు అలా ఉన్నామో నాకు తెలియదు. నాకు ఏడుపొచ్చింది, ఆమెకు రాలేదు.

మర్నాడు పొద్దెక్కాక ఎవరి ఫోను నుంచో బాబాయి మాట్లాడాడు. నాకూ వినపడాలని పిన్ని స్పీకరులో పెట్టింది.

"నువ్వన్నట్టే తిరిగి కొట్టింది. రేవు గోడ మీంచి అలలొచ్చాయి. మా తాళ్లు తెగలేదు."

"సరంగు ఒప్పుకున్నాడా?"

"ఎక్కడ, మీద పడి కరిచినంత పని చేశాడు. నేను ఇంజను స్టార్ట్ చెయ్యనన్నాను."

"ఎందుకని చెప్పావు?"

"ఇంకేం చెబుతాను. మా ఆవిడ వద్దంది అన్నాను."

"అందరి ముందూనా?"

"అందరి ముందూనే. నవ్వారు. నవ్వుకోనీ."

పిన్ని స్పీకరు ఆపడం కూడా మరిచిపోయి ఫోను చెవికి అదుముకుంది. అప్పుడు ఏడ్చింది.