అంచు వంగిన రికార్డు

గత వేసవిలో హార్స్లీ హిల్స్ మీద ఒక రిసార్టులో బంధువుల విందుకు వెళ్ళినప్పుడు, నా ముందు ఒక నల్లని గిన్నె తెచ్చి పెట్టారు. అందులో వేయించిన శెనక్కాయలు. గిన్నె అంచు అలలు తిరిగి ఉంది, లోపలి వైపంతా వెంట్రుకకన్నా సన్నని గాడులు. తిప్పి చూస్తే లాంగ్‌ప్లే రికార్డు. వడ్డించే అబ్బాయి నా ఆసక్తిని మరోలా అర్థం చేసుకున్నాడు. “పాత రికార్డు సార్. ఓవెన్లో పెట్టి ఒంచినారు. అందరూ ఫోటో తీసుకుంటాండారు, మీరూ తీసుకోండి” అన్నాడు. నేను తీసుకోలేదు. ఉద్యోగకాలమంతా కర్మాగారాల్లో కొలిచే పరికరాలను సరిచూస్తూ గడిపినవాణ్ణి. ఏ పదార్థం ఎంత వేడికి మెత్తబడుతుందో ఆలోచించకుండా ఉండలేను. ఆ ప్లాస్టిక్కు ఓవెన్ అక్కరలేదు. కుప్పంలో రేకుల కప్పు కింద ఒక గది, అందులో ఒక ఇనప ట్రంకుపెట్టె, ఒక మంచి మనిషి మొండితనం, ఈ మూడూ చాలు.

ఆ మంచి మనిషి మా పెదనాన్న, నాన్నకు అన్న. మదనపల్లెలో మిషన్ బడిలో లెక్కలు చెప్పేవాడు, ఆదివారం చర్చిలో గాయకబృందాన్ని నడిపేవాడు. రెండింటికీ ఒకే బెత్తం వాడాడని ఆయన శిష్యులు ఇప్పటికీ అంటారు. నేను బడిలో ఉన్న రోజుల్లో ఆయన తన బృందాన్ని బస్సులో మద్రాసు తీసుకువెళ్ళి ఒక రికార్డు చేయించాడు. మొదటి వైపు మొదటి పాట మా అమ్మ ఒక్కతే పాడింది. అదే వైపు చివర, నడిమి కాగితం బిళ్ళకు దగ్గరగా, హార్మోనియం వాయిస్తూ పెదనాన్న పాడిన ఆశీర్వాద గీతం. అచ్చయిన కాపీలు కొన్నే. ఎక్కువ భాగం విదేశాల దాతలకు వెళ్ళిపోయాయి. ఇక్కడ పంచినవి పండుగలకు లౌడ్‌స్పీకర్ల వాళ్ళ మొద్దు సూదుల కింద అరిగి, గరగరలాడి, చివరికి ఎక్కడికి పోయాయో తెలియలేదు. మచ్చలేకుండా మిగిలింది పెదనాన్న దగ్గరున్న కాపీ ఒక్కటే.

కొన్నేళ్ళకు అమ్మ గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్‌లో ప్రాణం దక్కినా స్వరం దక్కకపోవచ్చునని డాక్టర్లు ముందే చెప్పారు. అలాగే జరిగింది. ఆ తర్వాత అమ్మ మాట కాగితం మీద కాగితం రుద్దినట్టు వినిపించేది. వంటింట్లోంచి పిలిస్తే హాల్లోకి చేరేది కాదు గనుక గరిటెతో గిన్నె మీద కొట్టడం నేర్చుకుంది. గరిటె చప్పుడు ఎన్నిసార్లు మోగితే ఎవరు రావాలో ఇంట్లో అందరికీ తెలుసు. ఇది చెప్పుకుని నవ్వేవాళ్ళం. అమ్మ కూడా నవ్వేది, చప్పుడు లేకుండా.

రిటైరయ్యాక పెదనాన్న కుప్పంలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. మేడమీద రేకుల గదిలో గ్రామఫోను, గోడ పొడవునా నిలబెట్టిన రికార్డులు. ఆదివారం ఆరాధన అయ్యాక అక్కడ నలుగురైదుగురు చేరేవారు. వాళ్ళలో పుంగనూరులో పశువుల దాణా వ్యాపారం చేసే మా మామ, అంటే అమ్మ తమ్ముడు, తప్పనిసరి. పెదనాన్న రికార్డును రెండు అరచేతుల మధ్య అంచులు మాత్రమే తాకేలా పట్టుకుని, కిటికీ వెలుతురుకు ఎత్తి, వంకర ఉందేమో చూసి, ముఖమల్ గుడ్డతో ఒకే దిక్కున తుడిచేవాడు. మందంగా, బరువుగా ఉన్న పాత రికార్డులంటే ఆయనకు గౌరవం. తర్వాత వచ్చిన పల్చటివాటిని వేలితో కూడా తాకేవాడు కాదు. ఈ ఒక్క విషయంలో మామ ఆయనతో ఏకీభవించేవాడు. “ఇప్పుడొచ్చేటివి రికార్డులా బావా? అప్పడాలు. నూనెలో ఏస్తే పొంగుతాయి” అనేవాడు. మామ సొంత రికార్డుల మీద దాణా దుమ్ము, వేలిముద్రలు, గీతలు. సూది ఎగిరితే, బరువు కోసం దాన్ని మోసే చేతి మీద రూపాయి బిళ్ళ పెట్టేవాడు. పెదనాన్న ఆ దృశ్యం తలచుకుని కళ్ళు మూసుకునేవాడు.

అమ్మ పాట ఉన్న రికార్డు మాత్రం ఆ వరుసలో ఉండేది కాదు. గొంతు పోయిన తర్వాత అది మామూలు రికార్డు కాదని పెదనాన్న తీర్మానించాడు. శాలువా మడిచి, దాని మీద పడుకోబెట్టి, ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాడు. మొదట్లో క్రిస్మస్‌కు ఒకసారి తీసేవాడు. తర్వాత అదీ మానేశాడు. ఒక ఆదివారం అమ్మ ధైర్యం చేసి అడిగింది. గదిలో అందరూ మాట ఆపితే తప్ప ఆమె గొంతు వినిపించదు గనుక, ఆమె అడిగిన మాట అక్కడున్న ప్రతివాడూ విన్నాడు.

“నా పాట ఒక్కసారి ఇనాలని ఉండాది బావా.”

“పెట్టిన ప్రతిసారీ సూది రవ్వంత తినేస్తాదమ్మా. ఆ గొంతు మళ్ళా యాడ తెస్తాము? నీ మంచికే సెప్తాండాను.”

“పెట్టెలో పెట్టి ఏం సేస్తావు బావా, పొదిగిస్తావా?” అన్నాడు మామ.

అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు. అన్న మాటకు ఎదురు చెప్పడం ఆయనకు తెలియదు. అమ్మ కొంగు సర్దుకుని కిందికి వెళ్ళిపోయింది.

ఉద్యోగం వచ్చాక నేను మంచి టేప్ రికార్డరు కొని కుప్పం తీసుకువెళ్ళాను. సన్నని కొత్త సూది పెట్టి ఒకే ఒక్కసారి తిప్పుదాం, టేపులోకి ఎక్కించుకుందాం, ఆ పైన అసలును మీరు జీవితాంతం దాచుకోండి అని వివరించాను. పెదనాన్న శ్రద్ధగా విన్నాడు. “టేపులో పై స్వరాలు తెగిపోతాయప్పా. ఎనకాల బుస్సుమని గాలి. మీయమ్మ గొంతును అట్లా తయారుచేసి ఇంటింటా ఇనిపిస్తావా?” అన్నాడు. శాస్త్రరీత్యా ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. కొంచెం తక్కువైన పాట కన్నా అసలు వినిపించని పాట ఏ విధంగా మేలో మాత్రం ఆయన చెప్పలేదు. ట్రంకు తాళంచెవి ఆయన మొలతాడుకే ఉండిపోయింది.

పెదనాన్న పోయేనాటికి నాన్న లేడు, అమ్మ తల పూర్తిగా నెరిసింది. దినాలయ్యాక పెద్దమ్మ తాళంచెవి నా చేతికిచ్చింది. ట్రంకు పడమటి గోడకు ఆనించి ఉంది. మధ్యాహ్నమంతా రేకుల వేడి, సాయంత్రం గోడ వేడి, మూత వేసిన ఇనుము. శాలువా మడత రికార్డు కన్నా చిన్నది. నడిమి భాగం మడత మీద ఆనింది, చుట్టూ ఆధారం లేని అంచు ఏళ్ళ తరబడి మెల్లమెల్లగా కిందికి జారింది. గాడుల్లో ఒక్క గీత లేదు, ఒక్క దుమ్ము రేణువు లేదు. అంచు మాత్రం ఒక పక్క చేటలా వంగిపోయింది. మదనపల్లెలో మా ఇంటికి తెచ్చి రెండు గాజు పలకల మధ్య బరువు పెట్టి, నీడలో చాలా రోజులు ఉంచాను. కొద్దిగా తగ్గింది. వేడి చేస్తే ఇంకా తగ్గేది, కానీ గాడులు కరిగేవి. ఇంతకన్నా చేయగలిగింది లేదని అమ్మకు చెప్పాను. “ఉన్నట్టే పెట్టప్పా” అంది.

మామ పుంగనూరు నుంచి వచ్చాడు. అమ్మ కుర్చీని స్పీకరుకు దగ్గరగా జరుపుకుంది. సూది దించాను. రికార్డులో మొదటి పాట, అంటే అమ్మ పాట, అంచు దగ్గరే ఉంటుంది, పాడైంది అంచే. ఒక మాట పలికేసరికి వంకర వచ్చి సూదిని గాలిలోకి ఎగరేసేది, అది మరెక్కడో పడేది. వినిపించిన ముక్కల్లో కూడా స్వరం పైకీ కిందికీ ఊగింది. మామ అలవాటు కొద్దీ జేబులోంచి బిళ్ళ తీసి సూది చేతి మీద పెట్టాడు. ఎగరడం తగ్గింది, గీరుడు పెరిగింది. అమ్మ ఎక్కడైనా తన గొంతును పట్టుకోవాలని ముందుకు వంగి కూర్చుంది. ఒక అక్షరం, ఒక సాగదీత, మధ్యలో టక్కుమనే చప్పుడు. అలా ఆ పాట అయిపోయింది. సూది లోపలికి, వంకర లేని చోటికి, సాగిపోయింది. చివరి పాట దగ్గర గది నిండా హార్మోనియం మోగింది. దాని మీద పెదనాన్న గొంతు, నిన్న పాడినంత శుభ్రంగా, ఒక్క స్వరం తొణక్కుండా, మమ్మల్నందరినీ ఆశీర్వదించింది.

ఆపనా అని అడిగాను. అమ్మ వద్దని చెయ్యి ఊపి, చివరిదాకా విన్నది. “బావ గొంతు మాత్రం బాగుండాది” అంది. మామ నవ్వబోయి ఆగిపోయాడు. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఆ పాటను ఆమె మళ్ళీ అడగలేదు, నేనూ పెట్టలేదు.

పెదనాన్న అమ్మను ప్రేమించలేదని అనను. ఆమె పాటను ఆయనకన్నా ఎక్కువగా గౌరవించినవాడు లేడు. అందుకే ఆయన్ను క్షమించడం నాకు కష్టంగా ఉంటుంది. వింటూ ఉంటే పాట అరిగేది, నిజమే. అరిగిన ప్రతి గీత వెనక అమ్మ విన్న ఒక సాయంత్రమైనా ఉండేది. దాచిపెట్టిన ఆ ఏళ్ళలో మాత్రం, అవి గడిచిపోవడం తప్ప, మరేమీ లేదు.